కంట్లో ఇసుక పడ్డట్టుంది, మొహం ఎరుపుకీ దీనికీ సంబంధముందా?

ప్రశ్న: నా వయసు 43. రోజంతా కంప్యూటర్ ముందే పని. ఆరేళ్లుగా ఎండలోకి వెళ్లినా, టెన్షన్ పడినా, వేడివేడిగా ఏదైనా తాగినా బుగ్గలు, ముక్కు కందిపోయి మంటపెడతాయి. మధ్యమధ్యలో మొటిమల్లాంటివి వస్తాయి. నా ఒంటి తత్వమే అంత అనుకుని వదిలేశాను. రెండేళ్లుగా కళ్లకూ మొదలైంది. ఇసుక పడ్డట్టు గరగర, మంట, పొద్దున్న లేచేసరికి రెప్పలు అతుక్కుపోవడం. ఒక్క ఏడాదిలో మూడుసార్లు కంటి కురుపు లేచింది. ఎప్పుడూ నీళ్లు కారుతూనే ఉంటాయి, అయినా డాక్టర్లు డ్రై ఐ అంటారు. ఒకసారి రాసిన చుక్కల మందుకి రెండు రోజుల్లో కళ్లు తెల్లబడ్డాయి. మానేస్తే వారంలో మళ్లీ మామూలే. ఆ పాత చీటీతోనే ఇప్పటికి ఐదారు సీసాలు కొన్నాను, ఒకటి ఫ్రిజ్‌లో ఉంది. మొన్న కొత్త డాక్టర్ చూసి ఇది ఆక్యులర్ రొజేషియా, అంటే మొహం చర్మానికి వచ్చే రొజేషియా జబ్బు కళ్లకూ రావడం, అన్నారు. కాపడం పెట్టుకోమన్నారు, డాక్సీసైక్లిన్ మాత్ర రాశారు. అది యాంటీబయాటిక్ అని తెలిసి మొదలుపెట్టలేదు. కాపడం పది రోజులు పెట్టాను, తేడా ఏమీ లేదు. చర్మం జబ్బు కంట్లోకి ఎలా వెళ్తుంది? చూపు పోతుందా? ఇంట్లో పిల్లలకు అంటుకుంటుందా?

జవాబు: మీ ఉత్తరం చదువుతూ ఫ్రిజ్‌లో సీసా దగ్గర ఆగిపోయాను. దాని సంగతికి వస్తాను. ముందు మీరు అడిగినవి చూద్దాం.

పిల్లలకు అంటుకోదు. ఇది కళ్లకలక కాదు. నిశ్చింతగా ఉండండి.

చర్మం జబ్బు కంట్లోకి ఎలా వెళ్తుందని అడిగారు. నిజానికి ఎక్కడికీ వెళ్లదు, మొదటినుంచీ రెండు చోట్లా ఉండగలదు. రొజేషియాలో మొహం మధ్యభాగంలోని సన్నటి రక్తనాళాలు చిన్న చిన్న కారణాలకే ఉబ్బుతాయి, చర్మంలో లోలోపల ఇన్‌ఫ్లమేషన్, అంటే వాపూ ఎరుపూ మంటా, నడుస్తూ ఉంటుంది. కనురెప్ప కూడా మొహంలో భాగమే కదా. పైగా నూనె గ్రంథులు వరసగా కిక్కిరిసి ఉండే చోటు. రొజేషియా ఉన్నవాళ్లలో సగానికి పైగా మందికి కంటి బాధ ఎంతో కొంత ఉంటుందని అంచనా. సుమారు ఐదుగురిలో ఒకరికి మొహం మీద ఏమీ కనిపించకముందే కళ్లకు మొదలవుతుంది. ఇంకో తిరకాసు కూడా ఉంది. మొహం ఎంత ఎర్రగా ఉంటే కళ్లు అంత పాడవుతాయన్న లెక్క దీనికి లేదు. బుగ్గలు కాస్త కందినట్టు మాత్రమే ఉండి, కళ్లు మాత్రం దారుణంగా బాధపెట్టేవాళ్లు ఉంటారు.

మీకు పేరు పెట్టడానికి ఇన్నేళ్లు ఎందుకు పట్టిందో కూడా చెబుతాను. రొజేషియా అంటే పుస్తకాల్లో తెల్లతోలు మీద ఎర్రటి బుగ్గల ఫొటోలే ఎక్కువ. చామనఛాయ, నలుపు రంగు చర్మం మీద ఆ ఎరుపు అలా కొట్టొచ్చినట్టు కనిపించదు, కాస్త ముదురు ఛాయగా మాత్రమే తెలుస్తుంది. దాంతో మొటిమలనో, ఎలర్జీ అనో అంటారు. అలాంటివాళ్లు చూపుకంటే స్పర్శనే నమ్మాలి. బుగ్గలు వేడెక్కి చురచురమంటున్నాయా, మామూలు సబ్బు, క్రీమ్ రాసినా మంటపెడుతోందా అన్నది రంగుకంటే మంచి ఆధారం. చర్మం డాక్టర్ చర్మాన్ని, కళ్ల డాక్టర్ కళ్లను విడివిడిగా చూసి పంపేయడం ఇంకో కారణం. ఇందులో మా తప్పూ ఉంది. నేను కళ్ల డాక్టర్‌నే అయినా, పేషెంట్ మొహం వైపు సరిగా చూడకుండా నేరుగా యంత్రంలో కళ్లు చూసేసిన రోజులు నాకూ ఉన్నాయి.

ఇప్పుడు అద్దం ముందుకు రండి. కింది రెప్పను వేలితో కొంచెం కిందికి లాగి అంచును చూడండి. వెంట్రుకల వరసకు లోపలగా, కంటికి ఆనుకునే చోట సూదిమొనంత చుక్కలు వరసగా ఉంటాయి. అవి మెయిబోమియన్ గ్రంథుల నోళ్లు. పై రెప్పలో ముప్ఫై నలభై దాకా, కింది రెప్పలో ఇరవై పాతిక దాకా ఉంటాయి. మీరు రెప్ప వేసిన ప్రతిసారీ అవి పిసరంత నూనెను వదులుతాయి. ఆ నూనె కన్నీటి మీద పల్చటి పొరలా పరుచుకుని నీరు ఆరిపోకుండా కాపాడుతుంది. ఆరోగ్యంగా ఉన్న రెప్పను మేం వేలితో నొక్కితే నూనె తేటగా, వంటనూనెలా వస్తుంది. మీలాంటివాళ్లకు నొక్కితే తెల్లగా, చిక్కగా, టూత్‌పేస్ట్ తీగలా వస్తుంది. కొన్ని నోళ్లలోంచి ఏమీ రాదు, మైనం పెట్టి బిగించినట్టుంటాయి. రెప్ప అంచు మీద సన్నటి ఎర్రటి గీతలు పాకి ఉంటాయి. అవి బుగ్గల మీద ఉండే రక్తనాళాల వంటివే.

మీ బాధలన్నీ ఈ ఒక్క చోటి నుంచే పుడుతున్నాయి. నూనె పొర చిరిగిపోతే కన్నీరు త్వరగా ఆరిపోతుంది, కంటి ఉపరితలం పొడిబారి మండుతుంది. మంట పుట్టగానే పెద్ద కన్నీటి గ్రంథి కంగారుపడి బోలెడు నీళ్లు వదులుతుంది. కానీ అది నూనె లేని ఒట్టి నీరు. నిలవకుండా చెంపల మీదికి జారిపోతుంది. నీళ్లు కారే కంటిని డ్రై ఐ అనడం వింతగా ఉంటుంది గానీ, ఆ మాట తప్పు కాదు. మీకు వచ్చిన కురుపులు కూడా ఎక్కువగా ఇలా నోరు మూసుకుపోయి ఉబ్బిన గ్రంథులే. ఒకే ఏడాది మూడుసార్లు లేచాయంటే మూడు వేర్వేరు ఇన్‌ఫెక్షన్లు వచ్చాయని కాదు, మూడు గ్రంథులు మూసుకుపోయాయని అర్థం. చదువుతుంటే అక్షరాలు మసకబారి, రెప్ప వేయగానే తేటపడుతుంటే దానికీ ఇదే కారణం. కళ్లజోడు నంబర్ మార్చినంత మాత్రాన అది పోదు.

రొజేషియాను ఖాయం చేసే రక్తపరీక్ష ఏదీ లేదు. చూసి, అడిగి తేల్చడమే. కన్నీరు ఎంతసేపు నిలుస్తుందో చూడటానికి మాత్రం ఒక తేలికైన పరీక్ష ఉంది. కంట్లో నారింజ రంగు డై వేసి, నీలి కాంతిలో చూస్తూ, రెప్ప వేయకుండా ఉండమని సెకన్లు లెక్కపెడతాం. పది సెకన్లలోపే పొరలో నల్లటి మచ్చలు విచ్చుకుంటే కన్నీరు నిలవడం లేదన్నమాట. కొందరికి మూడు లెక్కపెట్టేలోపే చిరిగిపోతుంది.

ఇక కాపడం. పది రోజులు పెట్టాను, తేడా లేదన్నారు. నా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది ఇదే అంటారు. ఎలా పెట్టారో చేసి చూపించమంటాను. గోరువెచ్చటి నీళ్లలో రుమాలు ముంచి, పిండి, కళ్ల మీద ఒక నిమిషం పెట్టి, తుడుచుకుని లేస్తారు. అది కాపడం కాదండీ, మొహం కడుక్కోవడం. తడి గుడ్డ రెండు నిమిషాలకే చల్లారిపోతుంది. గ్రంథిలో పేరుకున్నది చలికాలంలో సీసాలో గడ్డకట్టిన కొబ్బరినూనె లాంటిది. కాసేపు వెచ్చగా పట్టుకుంటేనే కరుగుతుంది. రెప్పకు తగలాల్సిన వేడి సుమారు 40 డిగ్రీలు, అది ఐదు నుంచి పది నిమిషాలు నిలవాలి. గుడ్డే వాడతానంటే పక్కన వేడినీళ్ల గిన్నె పెట్టుకుని రెండేసి నిమిషాలకు మార్చుతూ ఉండాలి. నాకైతే లోపల గింజలో పూసలో ఉండే, వేడిచేసి కళ్ల మీద పెట్టుకునే మాస్క్ మేలనిపిస్తుంది, వేడి చాలాసేపు నిలుస్తుంది. ఏది వాడినా ముందు మణికట్టు లోపలివైపు పెట్టి చూసుకోండి. అక్కడ హాయిగా ఉంటేనే కళ్ల మీద పెట్టాలి. కళ్లు మూసే ఉండాలి, మాస్క్‌ను గట్టిగా అదమకూడదు.

వేడి తగిలితేనే మొహం కందిపోతుంటే మళ్లీ వేడే పెట్టమంటారేంటి అని మీకు అనుమానం రావచ్చు. న్యాయమైన అనుమానమే. అందుకే వేడి రెప్పల మీద మాత్రమే ఉండాలి, మొహమంతా పరిచే పెద్ద తువ్వాలు వద్దు. ఆవిరి పట్టడం అసలే వద్దు. బుగ్గలు కందుతున్నట్టు అనిపిస్తే వాటి మీద చల్లటి తడిగుడ్డ వేసుకోండి. అప్పటికీ తట్టుకోలేకపోతే వేడి తగ్గించండి గానీ మానేయకండి.

కాపడం తీసిన వెంటనే, కరిగింది మళ్లీ గడ్డకట్టేలోపు, రెప్పను మెల్లగా ఒత్తాలి. శుభ్రంగా కడిగిన చూపుడువేలితో పై రెప్పను పైనుంచి కిందికి, కింది రెప్పను కిందనుంచి పైకి, అంటే ఎప్పుడూ వెంట్రుకల వైపే, చివర నుంచి చివర దాకా నాలుగైదుసార్లు నిమిరితే చాలు. కనుగుడ్డు మీద బరువు పడకూడదు. ఆ తర్వాత అంచులు తుడవాలి. రెప్పల కోసమే తయారుచేసిన వైప్స్ దొరుకుతాయి, అవి తేలిక. బేబీ షాంపూ పల్చగా కలిపి తుడవడం పాతకాలపు సలహా, అది కొందరికి ఇంకా పొడిబారేలా చేస్తుంది. మొదట్లో పొద్దున్న, రాత్రి రెండు పూటలా చేయండి. నాలుగు నుంచి ఆరు వారాలు గడవనిదే తేడా వచ్చిందా లేదా అని లెక్క చూడకండి. కుదుటపడ్డాక రోజుకొకసారి చాలు, కానీ ఆ ఒక్కసారి మాత్రం పళ్లు తోముకోవడంలా సాగుతూనే ఉండాలి. ఇందులో మిమ్మల్ని మభ్యపెట్టను. రొజేషియా పూర్తిగా పోయే జబ్బు కాదు, అదుపులో ఉండే జబ్బు. మానేసినవాళ్లు మూడు నాలుగు నెలల్లో మళ్లీ వస్తారు.

ఈసారి వెళ్లినప్పుడు వెంట్రుకల మొదళ్లలో గొట్టంలా చుట్టుకున్న పొలుసులు ఉన్నాయేమో చూడమనండి. ఉంటే అది డెమోడెక్స్ అనే కంటికి కనిపించని పురుగు పని. అది పెద్దవాళ్లలో చాలామంది చర్మం మీద ఉండేదే, రొజేషియా ఉన్నవాళ్లలో సంఖ్య పెరుగుతుంది. అసహ్యపడాల్సిన పనిలేదు, మీ శుభ్రతకీ దీనికీ సంబంధం లేదు. దీనికోసమే లోటిలానర్ అనే చుక్కల మందుకు 2023లో అమెరికాలో అనుమతి వచ్చింది. టీ ట్రీ నూనె ఉన్న వైప్స్ కూడా వాడతారు. ఆ నూనెను నేరుగా తెచ్చి రెప్పలకు రాసేవాళ్లు ఉన్నారు. దయచేసి ఆ పని చేయకండి, కార్నియా, అంటే నల్లగుడ్డు మీది అద్దంలాంటి పొర, కాలుతుంది.

మాత్ర సంగతి. డాక్సీసైక్లిన్ యాంటీబయాటిక్ అన్నమాట నిజమే, కానీ ఇక్కడ దాన్ని వాడేది క్రిముల్ని చంపడానికి కాదు. తక్కువ మోతాదులో అది ఇన్‌ఫ్లమేషన్‌ను తగ్గిస్తుంది, గ్రంథుల్లోని నూనెను పాడుచేసే ఎంజైముల్ని అణుస్తుంది. చర్మం రొజేషియాకి వాడే 40 మిల్లీగ్రాముల రకం సరిగ్గా ఈ ఆలోచనతోనే తయారైంది, బ్యాక్టీరియా మీద పనిచేసే స్థాయికన్నా కిందే ఉంటుంది. కళ్లకు 50 నుంచి 100 దాకా కూడా రాస్తారు. కొన్ని వారాల నుంచి కొన్ని నెలల వరకు వాడాల్సి వస్తుంది, గుణం మెల్లగా కనిపిస్తుంది. మీకు మొహమూ కళ్లూ రెండూ బాధపెడుతున్నాయి, ఈ ఒక్క మాత్ర రెండింటికీ పనికొస్తుంది. మీ చోట నేనుంటే మొదలుపెట్టేదాన్ని. అయితే గర్భంతో ఉన్నా, బిడ్డకు పాలిస్తున్నా, ఇదివరకు ఆ జాతి మందులు పడకపోయినా ముందే డాక్టర్‌కి చెప్పాలి. ఎనిమిదేళ్లలోపు పిల్లలకు దీన్ని ఇవ్వకుండా చూస్తాం. నిండు గ్లాసు నీళ్లతో మింగండి, మింగాక కనీసం అరగంట దాకా పడుకోవద్దు. లేకపోతే గొంతు దిగువన ఇరుక్కుని పుండు పడుతుంది. రాత్రి మంచం మీద కూర్చుని గుక్కెడు నీళ్లతో వేసుకుని ఒరిగేవాళ్లకే ఈ తిప్పలు. కాల్షియం, ఐరన్ మాత్రలు, గ్యాస్ మందులు దీంతో కలిపి వేసుకుంటే మందు ఒంటపట్టదు, రెండు మూడు గంటలు ఎడం పెట్టండి. ఎండ త్వరగా కాలుస్తుంది కూడా. ఇది పడనివాళ్లకు అజిత్రోమైసిన్ ఉంది, కన్నీటి ఉపరితలం బాగా దెబ్బతింటే సైక్లోస్పోరిన్ చుక్కలు ఉన్నాయి, రెప్పల కింది భాగానికి ఐపీఎల్ అనే కాంతి చికిత్స కూడా కొందరికి మేలు చేస్తోంది. అవన్నీ తర్వాతి మెట్లు.

కృత్రిమ కన్నీళ్ల చుక్కలు ఎన్నిసార్లైనా వేసుకోవచ్చు, కానీ రోజుకి నాలుగైదుసార్లు దాటుతుంటే ప్రిజర్వేటివ్ లేనివి అడగండి. మామూలు సీసాలో నిల్వ కోసం కలిపే రసాయనమే మీలాంటి కళ్లను ఇంకా రేపుతుంది. ఎరుపు తగ్గిస్తామని అమ్మే చుక్కల జోలికి వెళ్లకండి. అవి రక్తనాళాల్ని బిగించి కాసేపు తెల్లగా చూపిస్తాయి, ప్రభావం దిగగానే మునుపటికన్నా ఎర్రబడతాయి. ఒమేగా-3 మాత్రల గురించి మీరు అడగలేదు గానీ అందరూ అడుగుతారు. 2018లో వచ్చిన డ్రీమ్ అనే పెద్ద అధ్యయనంలో డ్రై ఐ ఉన్నవాళ్లకు ఏడాదిపాటు రోజూ 3,000 మిల్లీగ్రాములు ఇచ్చి చూస్తే, ఆలివ్ నూనె క్యాప్స్యూల్ మింగినవాళ్లకన్నా మేలేమీ కనిపించలేదు. నేను రాయడం మానేశాను.

కంప్యూటర్ పని మానలేరు కాబట్టి రెప్పల మీద దృష్టి పెట్టండి. మామూలుగా నిమిషానికి పదిహేనుసార్లు వేసే రెప్ప, తెర ముందు కూర్చుంటే సగానికి పడిపోతుంది, అది కూడా సగం సగం వేస్తాం. రెప్ప పూర్తిగా మూస్తేనే నూనె బయటికొస్తుంది. తెరను కంటికన్నా కాస్త దిగువగా పెట్టుకుంటే కన్ను తక్కువ విప్పారుతుంది. ఏసీ గాలి, ఫ్యాన్ గాలి నేరుగా మొహానికి కొట్టకుండా జరగండి.

జబ్బును రేపే విషయాలు అందరికీ ఒకేలా ఉండవు. ఎండ, టెన్షన్, వేడి పానీయాలు అని మీరే చెప్పారు. మసాలా, మద్యం, వేన్నీళ్ల స్నానం కూడా చాలామందికి పడవు. అన్నీ ఒకేసారి మానేసి కుంగిపోకుండా, నెల రోజులు ఒక కాగితం మీద రాసుకోండి, మీకు పడనివేవో మీకే తెలుస్తాయి. పానీయం మానక్కర్లేదు, చల్లార్చి తాగి చూడండి.

మొహానికి చర్మం డాక్టర్‌ని తప్పకుండా కలవండి. ఐవర్‌మెక్టిన్, మెట్రోనిడజోల్, అజెలాయిక్ యాసిడ్ క్రీములు రాస్తారు. వాటిని రెప్పల దగ్గరికి పోనివ్వకండి. ఇప్పుడు మొహానికి ఏం రాస్తున్నారో ఆ ట్యూబులన్నీ పట్టుకెళ్లండి. మచ్చలు పోతాయని, తెల్లబడతారని అమ్మే కొన్ని క్రీముల్లో స్టెరాయిడ్ ఉంటుంది, రొజేషియాను అవే పుట్టించగలవు.

చూపు గురించి. చాలామందికి ఇది జీవితాంతం విసిగించే బాధగానే ఉంటుంది, చూపు దాకా రాదు. కొద్దిమందికి మాత్రం కార్నియా దెబ్బతింటుంది. ముఖ్యంగా కింది అంచున పుండు పడటం, రక్తనాళాలు లోపలికి పాకడం, అరుదుగా ఆ పొర పల్చబడి చిల్లు పడటం కూడా జరుగుతుంది. గరగర కాస్తా పొడిచేసే నొప్పిగా మారితే, వెలుతురు అస్సలు చూడలేకపోతే, రెప్ప ఎన్నిసార్లు వేసినా మసక పోకపోతే, నల్లగుడ్డు మీద తెల్లటి చుక్క కనిపిస్తే, ఒక కన్ను మాత్రమే ఉన్నట్టుండి బాగా ఎర్రబడితే, అపాయింట్‌మెంట్ కోసం చూడకండి. ఆ రోజే వెళ్లండి. కాంటాక్ట్ లెన్స్ పెట్టుకునే అలవాటుంటే వెంటనే తీసేసి వెళ్లండి.

ఇప్పుడు ఫ్రిజ్‌లో సీసా. రెండు రోజుల్లో తెల్లబడి, మానగానే తిరగబెట్టిందంటే అది స్టెరాయిడ్ అయి ఉండే అవకాశం ఎక్కువ. స్టెరాయిడ్ చెడ్డ మందేమీ కాదు, జబ్బు బాగా రేగినప్పుడు వారం రెండు వారాలు నేనూ రాస్తాను, కళ్లు చూస్తూ తగ్గిస్తాను. ఎవరూ చూడకుండా ఐదారు సీసాలు వాడటమే ప్రమాదం. కొందరికి కంటి లోపలి ఒత్తిడి పెరుగుతుంది, నొప్పి ఉండదు, చూపు పక్కలనుంచి తగ్గుతూ వస్తుంది. అలా గ్లాకోమాతో పోయిన చూపు తిరిగి రాదు. శుక్లం కూడా ముందుగానే వస్తుంది. కాబట్టి ఆ సీసాలోంచి ఇంకో చుక్క వేసుకోకండి. ఇప్పుడు రోజూ వేస్తూ ఉంటే మాత్రం, ఎలా తగ్గించాలో రేపే డాక్టర్‌కి ఫోన్ చేసి అడగండి. ఈ వారంలోనే వెళ్లి కంటి ఒత్తిడి కొలిపించుకోండి, వెనక నరాన్ని కూడా చూడమనండి. వెళ్లేటప్పుడు ఆ సీసాను, పాత చీటీని సంచిలో వేసుకుని వెళ్లండి. సీసా మీది పేరు చదివితే ఎంత కాలం, ఎంత బలమైనది వాడారో వాళ్లకు అక్కడికక్కడే తెలుస్తుంది.